నర్సింగ్ అన్న ఐదు లీటర్ల డబ్బా

నర్సింగ్ అన్న అరబ్బు దేశంలో, ఇబ్రా అనే ఊళ్లో వెల్డర్. పంతొమ్మిదేళ్లుగా అదే షెడ్డు. ఆ చుట్టుపక్కల సగం గేట్లు ఆయన అతికినవే. పని అయ్యాక గేటును వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వింటాడు. మోత నచ్చకపోతే మళ్లీ మొదలుపెడతాడు. ఫోర్‌మన్ అరిస్తే అరుచుకోనీ.

జింకు పూత ఉన్న పైపులు అతికేటప్పుడు పొగలో జింకు లేస్తుంది. అది ఒంట్లో ఎంత చేరిందో చూడాలని కంపెనీ షెడ్డులో అందరికీ వరసగా మూత్ర పరీక్షలు పెట్టింది. ఎక్కువ వస్తే వెల్డింగ్ బంద్, స్టోర్‌లో కూర్చోవాల్సిందే. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి అజైబాలో ఒక ల్యాబ్‌కు శాంపిళ్లు మోసే డ్రైవర్‌ని. అన్నకు డబ్బా ఇచ్చింది నేనే. "పొద్దున మొదటిది వదిలెయ్యి. అప్పటినుంచి మర్నాడు పొద్దటిదాకా మొత్తం ఈ డబ్బల పట్టు" అన్నాను. ఎంత నిండాలో చెప్పలేదు. తప్పు నాదే.

మర్నాడు డబ్బా మూతదాకా ఉంది. అదీ పట్టించుకోలేదు.

రిపోర్టులో జింకు మూడింతలు! ల్యాబ్‌లో పరీక్షలు చేసే తహ్సీన్ అక్క పక్కనుండగా అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"స్టోర్ల కూసుంటే నా చేతులు ఊకుంటయా తమ్మీ?"

కాగితం తిరగేస్తున్న తహ్సీన్ అక్క ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది. ఆమెది కడప. "ఆగు భయ్యా! క్రియాటినిన్ కూడా మూడింతలుండాది. అది కండల్లోంచి దినామూ ఇంచుమించు ఒకే లెక్కన వస్తాది. నీకేమన్నా మూడు ఒళ్లుండాయా? నిజం చెప్పు, ఇది నీ ఒక్కడిదేనా?"

"ఒక్కనితోని అంత డబ్బ యాడ నిండుతదక్కా? సగం గూడ గాలే. నిండకపోతే ఫెయిల్ జేస్తరేమో అని భయమైంది. రూమోళ్లు సాయం పట్టిన్రు. గణపతి, హసన్."

ఫోన్లో అన్న వెనకనుంచి హసన్ అరిచాడు: "అన్న కోసరం రెండు లబన్ మజ్జిగ ప్యాకెట్లు ఎక్కువ తాగితి మేడం!"

తహ్సీన్ అక్క కుర్చీలో వాలిపోయి నవ్వింది. నిజానికి ఆశ్చర్యమేముంది? ఆ రూమ్‌లో సబ్బు, చార్జర్, చేపల కూర అన్నీ ఉమ్మడే.

మళ్లీ కొత్త డబ్బా. ఈసారి అన్న దాన్ని ఐస్‌పెట్టెలో పెట్టి తాళం వేశాడట.

"జరంత పొయ్యనా అన్నా?" అన్నాడట గణపతి.

"దూరం జరుగు! నీ సాయం సల్లగుండ!"

డబ్బా మూడోవంతు కూడా నిండలేదు. జింకు మామూలుగానే ఉంది.

ఆ మాట చెప్పడానికి షెడ్డుకే వెళ్లాను. అన్న మాస్కు పైకెత్తి విన్నాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ముందున్న గేటును రెండుసార్లు కొట్టి చెవి ఆనించాడు.

"ఎట్లుందే?" అన్నాను.

"మంచిగ మోగుతుంది." ఆయన చూపు నా చేతిలోని ఖాళీ డబ్బా మీద పడింది. "అదెవనికి?"

"ఇయ్యాల గణపతి వంతు."

"ఆనికి జెప్పు," అన్నాడు మాస్కు దించుకుంటూ, "నేనైతే సుక్క గూడ ఇయ్య."