ఉప్పుడు బియ్యం వాసన

మొన్నామధ్య ఒక సాయంత్రం మా మనవరాలు లైంగ్‌థార్యార్‌లోని బట్టల ఫ్యాక్టరీ నుంచి రుసరుసలాడుతూ వచ్చి, చెప్పులు వాకిట్లో విసిరేసి, అన్నం వద్దని మూలన కూర్చుంది. కుట్టిన చొక్కాలను పరీక్షించి, బాగుంటే స్టిక్కరు అంటించడం దాని ఉద్యోగం. ఆ రోజు ఒక కట్టలో చంకల దగ్గర కుట్లు ఊడిపోతున్నాయట. సరుకు రెండు రోజుల్లో ఓడకి వెళ్లాలి కనుక, చూసీచూడనట్టు అంటించెయ్యమని సూపర్‌వైజరమ్మ బతిమాలిందట.

“ఆవిడ మంచిదే మామ్మా, సొంత కూతుర్లా సూస్తాది. కాదనాలంటే ఆనాదే. నానేటి సేసేది?” అంది.

ఆనాదే అంటే ఎదుటి మనిషిని నొప్పించడానికి మనసు ఒప్పకపోవడం. ఈ యాంగోన్ నీళ్లు తాగినవాళ్లందరికీ అది ఒంట్లోనే ఉంటుంది. మొహమాటం గురించి మన తెలుగువాళ్లకొక సామెత ఉంది, ఆడపిల్ల ముందు అనకూడదని మింగేశానుగానీ, మన ఈడువాళ్లకి అది నేను చెప్పక్కర్లేదు.

ఇంచుమించు ఆ వయసులోనే నేనూ అలాంటి చిక్కులో పడ్డాను. విదేశాలకు వెళ్లే బియ్యాన్ని ఓడ ఎక్కించే ముందు పరీక్షించే ఆఫీసులో పనిచేసేదాన్ని. మా తాత కళింగపట్నం వైపు నుంచి వచ్చి ఇదే రేవులో బస్తాలు మోశాడు, నేనేమో అవే బస్తాలను ఆపగలిగే కొలువులో చేరానని మా అత్తగారు వీధంతా చెప్పుకునేది. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు లాగి, పళ్లెంలో పోసి, నూకా తేమా రంగూ వాసనా చూడడం మా పని. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

అప్పట్లో పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌కు ఉప్పుడు బియ్యం వెళ్లేది. సరుకు ఇక్కడే పరీక్షకు నిలబడాలని, చెడు వాసన ఉంటే తమ రేవులో దిగనివ్వమని ఆ దేశపు సర్కారు గట్టిగా షరతు పెట్టింది. చిక్కంతా ఆ వాసన దగ్గరే వచ్చింది. మా ఆఫీసులో ఉన్నవాళ్లందరూ మెత్తటి పచ్చి బియ్యం తినేవాళ్లు. వడ్లు నానబెట్టి ఉడికించి ఎండబెట్టిన బియ్యమంటేనే వాళ్లు ముక్కు చిట్లించుకునేవారు, దాని నైజమే కంపు అనుకుని ప్రతి బస్తాకీ వాసన సరిగానే ఉందని రాసేసేవారు. పాపం, వాళ్లను అనడానికేముంది, తినని కూడు బాగుందో లేదో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో మాత్రం గంజీ తరవాణీ అన్నీ ఆ బియ్యంతోనే. వడ్లు నీళ్లలో ఎక్కువసేపు మురిగిపోతే వచ్చే పుల్లటి కంపు వేరు, ఉప్పుడు బియ్యానికి సహజంగా ఉండే వాసన వేరు, మా వీధిలో ఏ ఇల్లాలినడిగినా చెప్పేది.

ఒకసారి వచ్చిన సరుకు పళ్లెంలో పోస్తే చూపుకి నిక్షేపంగా ఉంది, ముక్కుకే ఏదో అనుమానం తగిలింది. మిల్లు యజమాని మా ఆఫీసు పెద్దాయనకు చిన్ననాటి స్నేహితుడు. మా అందరికీ లపెతో అనే ఊరబెట్టిన టీ ఆకు ఇంట్లో చేయించి తెచ్చాడు. ఓడ రేవులో కాచుక్కూర్చుంది. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, కూతుర్ని పిలిచినట్టే పిలిచి, “తమీ, ఆ బియ్యం ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా, వదిలెయ్యి” అన్నాడు. సరేనని తల ఊపబోయానుగానీ, నోరు మాత్రం వండి చూద్దాం సయా, అంటే అయ్యగారూ, అనేసింది.

రేవు బయట టీ కొట్టావిడ పొయ్యి అడిగి తీసుకుని, ఆ సరుకులోంచి గుప్పెడు బియ్యం వండాను. నా క్యారేజీలో అత్తగారు పెట్టిన అన్నం దాని పక్కనే ఇంకో పళ్లెంలో పెట్టి, రెండూ పెద్దాయన ముందుకు జరిపాను. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటారు, పాడైందో లేదో చెప్పడానికి ఆవిరే చాలింది. ఆయన మా ఇంటి అన్నం ఇష్టంగా రెండు ముద్దలు తిని, ఆ సరుకు అన్నం నోట్లో పెట్టుకుని మింగలేకపోయాడు. స్నేహితుడి వైపు చూడకుండా, “నువ్వు వండకపోతేనే బాగుండేది తమీ” అన్నాడు. ఆ సరుకును తనే ఆపేశాడు, నామీదికి నెట్టలేదు. అందుకు ఆయనంటే నాకిప్పటికీ గౌరవం.

ఆ తర్వాత నన్ను చౌక్తడాలోని పెద్దాఫీసులో ఫైళ్ల దగ్గరికి మార్చేశారు. ఉద్యోగం పోలేదు, ఖాయం కావడానికి మాత్రం మా ఆయన కళ్లు కాయలు కాచాయి, నాకు రేవు గాలి పోయింది. అయినా మళ్లీ ఆ పళ్లెం నా ముందుకొస్తే మళ్లీ వండుతాను. నేనెన్నడూ చూడని ఆ దేశంలో ఏ తల్లీ పిల్లలకు వడ్డించబోయి ముఖం తిప్పుకోకుండా ఉంటే, నాకంతే చాలు.

ఇదంతా విని మనవరాలు అన్నం పెట్టుకుని తింది. మర్నాడు ఆ కట్టకు స్టిక్కరు వెయ్యనందిట. సూపర్‌వైజరమ్మ ముభావంగా ఉంటోందని చెప్పి, చెబుతూనే కళ్లు తుడుచుకుంది, వెయ్యమన్నా వెయ్యనని మళ్లీ తనే అంది.

ఈ రోజుల్లో బియ్యం పరీక్షించడానికి నేను పేర్లు కూడా పలకలేని యంత్రాలొచ్చాయంటారు, సంతోషమే. తాకేటాలో మా వీధి మొత్తానికి ఉప్పుడు బియ్యం తినేదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, తరవాణి కుండ అటకెక్కింది, పిల్లలు గిన్నె మూత తీస్తే చాలు ముక్కు మూసుకుని పారిపోతారు. నిన్న మనవరాలు మాత్రం నా పొయ్యి దగ్గరకొచ్చి, మూత తీసి, ముఖమంతా ముడుచుకుని అడిగింది.

“ఇది మంచి వాసనా సెడ్డదా మామ్మా? నాకు తెలీటం లేదు.”

దాని మెడమీద చెయ్యి వేసి, ఆవిరి దగ్గరగా ఇంకొంచెం వంచాను.