రెండో డిస్కు

తెల్లవారి నాలుగున్నరకి జానకి నాలుగో ఫ్లోర్‌లో ట్యూబ్‌లైట్లన్నీ ఒకేసారి వేస్తుంది. ఎవర్నీ పేరు పెట్టి లేపదు. పిలిచినా పలికేవాళ్లుండరు. ఆ కారిడార్‌లో ఎవరు పిలిచినా పలక్కూడదు. ఆ అలవాటు చేసింది ఆమే.

గన్నవరం వెళ్లే రోడ్డు మీద ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ ఉంది. అక్కడి ఆడపిల్లల హాస్టల్లో జానకి ఫ్లోర్ ఇన్‌ఛార్జి. వయసు నలభై ఆరు. ఒకప్పుడు గుణదలలో చిన్న స్కూల్లో సోషల్ చెప్పేది. ఆ స్కూలు మూతపడింది. భర్త ఉదయభాస్కర్ మంగళగిరిలో చీరల కొట్లో లెక్కలు చూస్తాడు. కాలేజీవాళ్లు ఆమెకు హాస్టల్లోనే గది ఇచ్చారు. కూతురు అపూర్వకి ఎంపీసీలో ఫీజు లేకుండా సీటిచ్చారు. ఒక్కటే షరతు. కాంపౌండ్ లోపల అమ్మా అనకూడదు, అందరిలాగే మేడమ్ అనాలి.

కిందటి ఏడాది ఆగస్టులో ఆ సీటుకి ఎసరొచ్చింది. స్టడీ అవర్లో ఒక పిల్ల కారిడార్‌లోకి వచ్చి ఇంకో పిల్లని కేకేసేది. ఆ కేకకి పది గదుల తలుపులు తెరుచుకునేవి. ప్రిన్సిపాల్ పైకొచ్చి చూశాడు.

"జానకిగారూ, ఇది హాస్టలా, చేపల మార్కెట్టా? మీ వల్ల కాదంటే చెప్పండి. ఇంకొకర్ని చూసుకుంటాం."

ఆమె పోతే సీటూ పోతుంది.

ఆ నెలలోనే మనోజ్ఞ అనే అమ్మాయి ట్రంకులో ఒక నల్ల అట్టపెట్టె దొరికింది. మనోజ్ఞ వాళ్ల బాబాయి కొరియాలో ఓడలు కట్టే కంపెనీలో పనిచేసి, వచ్చేటప్పుడు తెచ్చాడట. లోపల రెండు డిస్కులు, ఫొటోల పుస్తకం ఒకటి. ఫొటోలు చూసి పిల్లలు వెర్రెత్తే పాటగాళ్లేమో అనుకుని జానకి లాక్కుంది. తీరా చూస్తే అట్ట మీద యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు, క్లాస్‌రూమ్, బల్లలు. ప్రిన్సిపాల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"స్కూల్ సినిమాయేనండీ. పాటల్లేవు, హీరో లేడు. కింద ఇంగ్లీష్ పడుతుంది, మనవాళ్లకి వొకాబులరీ. ఆదివారం వేసెయ్యండి."

హాస్టల్లో ఇంటర్నెట్ లేదు. డైనింగ్ హాల్లో ఒక పెద్ద టీవీ, ఏ దేశం డిస్కయినా ఆడే పాత ప్లేయరు ఉన్నాయి. ఆ ఆదివారం మూడు వందల మంది పిల్లలు, వాళ్లతోపాటు జానకి, ఆ సినిమా చూశారు. తీరా అది దయ్యం సినిమా.

కథ అర్థం కావడానికి ఎవరికీ కింద ఇంగ్లీష్ అక్కర్లేకపోయింది. బోర్డు మీద ర్యాంకులు అంటిస్తారు. ఒక పిల్ల తోటివాళ్ల మీద టీచరుకి చాడీలు చెబుతుంది. అప్పట్నుంచి దానితో ఎవరూ మాట్లాడరు. అది చచ్చిపోయి వరండాలో నిలబడి పేరు పెట్టి పిలుస్తుంటుంది. పలికినదాని ర్యాంకు తర్వాతి పరీక్షలో పడిపోతుంది. ప్రాణాలు పోయేది సినిమా చివర్లో. హాల్లో పిల్లలు అరిచింది మాత్రం ర్యాంకు పడినప్పుడే.

మర్నాడు స్టడీ అవర్లో నాలుగో ఫ్లోర్‌లో చప్పుడు లేదు. జానకికి కారణం తెలియడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం గదిగదికీ వెళ్లి మెల్లిగా చెప్పింది.

"బయట ఎవరు పిలిచినా పలక్కండమ్మా. ఏమో, మనకెందుకు?"

సగం మంది నమ్మలేదు. నమ్మనివాళ్లూ పలకలేదు. ర్యాంకు పణంగా పెట్టి పరీక్షించి చూసే ధైర్యం ఎవరికుంటుంది? నెల తిరక్కుండా ప్రిన్సిపాల్ మిగతా ఇన్‌ఛార్జిలని పిలిచి, జానకిగారిని చూసి నేర్చుకోండి అన్నాడు. కొత్త సంవత్సరంలో చీఫ్ వార్డెన్‌ని చేస్తానన్నాడు.

దసరా సెలవులకి హాస్టల్ ఖాళీ అయ్యాక తల్లీకూతుళ్లు రెండో డిస్కు పెట్టి చూశారు. అందులో సినిమా ఎలా తీశారో ఉంది. దయ్యం పిల్ల మొహానికి సగం తెల్లరంగు పూసి ఉంటుంది. కప్పులో నూడుల్స్ జుర్రుకుంటూ కెమెరాకి చెయ్యి ఊపుతుంది. నడుముకి తాడు కట్టి పైకి లాగుతుంటే జారి కింద పడి పకపకా నవ్వుతుంది.

"అమ్మా, దయ్యానికి ఆకలేసింది చూడే!" అని అపూర్వ కడుపు పట్టుకుని నవ్వింది. జానకీ నవ్వింది. తర్వాత డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

నవంబరులో మనోజ్ఞ దిండు గలీబులో ఫోన్ పట్టుబడింది. చెప్పింది ఊడ్చే ఆయా. ఆ సంగతి జానకి బయట పెట్టలేదు. పెడితే ఆయా ఇంకోసారి చెప్పదు.

"ఇంకెవరు చెప్తారే? వార్డెన్ కూతురు," అంది మనోజ్ఞ. "సినిమాలోనూ అంతేగా. చాడీలు చెప్పిందే దయ్యమైంది."

ఆ రాత్రి నుంచి అపూర్వతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె పక్క మంచం క్రిస్టినాది. ఒక్క క్రిస్టినాయే ఒకరోజు మెస్‌లో నోరు జారింది.

"సాంబారు ఇటివ్వవే," అంది అపూర్వ.

"ఇదిగో."

ఆ వారమే క్రిస్టినాకి జ్వరం వచ్చింది. వీకెండ్ టెస్టులో తొమ్మిదో ర్యాంకు నుంచి నలభై ఒకటికి పడింది. జ్వరం సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. క్రిస్టినా కూడా తీసుకోలేదు. మంచం గోడవైపు జరుపుకుంది.

క్లాసులో లెక్చరర్ అపూర్వ పేరు పిలిస్తే, ఆమె ప్రెజెంట్ అన్నప్పుడల్లా వెనక బెంచీల్లో చెవులు మూసుకునేవాళ్లు. మొదట్లో నవ్వుతూ మూసుకున్నారు. తర్వాత నవ్వడం మానేసి మూసుకున్నారు.

డిసెంబరు మొదట్లో అపూర్వ తల్లి గదికొచ్చింది.

"మేడమ్."

"తలుపు వేసి ఉందిగా, అమ్మా అనొచ్చులే."

"ఈ ఆదివారం రెండో డిస్కు వెయ్యవే. అది చూస్తే వాళ్లే నవ్వుకుంటారు. అంతటితో పోతుంది."

"పోతుంది. భయం కూడా పోతుంది. మళ్లీ కేకలు మొదలవుతాయి. అప్పుడు నన్నూ పంపుతారు, నిన్నూ పంపుతారు."

"పంపనీ."

"మార్చి దాకా ఓర్చుకో. పరీక్షలైపోతాయి."

"మూడు వారాల్నుంచి ఒక్కళ్లు నాతో మాట్లాడలేదే అమ్మా."

"మాటలకేం? చదువుకోడానికి ఇంకా సుఖం," అంది జానకి. కూతురు ర్యాంకు ఆ మూడు వారాల్లో పదహారు స్థానాలు పైకొచ్చింది. ఆ మాట కూడా చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ హాల్ నిండింది. ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జానకి ఏదో దేశభక్తి సినిమా డిస్కు ప్లేయరులో పెడుతుంటే, మధ్య వరుసలోంచి అపూర్వ లేచింది.

"మేడమ్, ఆ కొరియా పెట్టెలో రెండో డిస్కుంది. అందులో దయ్యానికి రంగు వేస్తారు. అది వెయ్యండి మేడమ్. మనోజ్ఞకీ తెలుసు, ఆ పెట్టె దానిదే."

అందరూ మనోజ్ఞ వైపు చూశారు. మనోజ్ఞ ప్లేట్‌లో బూందీ ఏరుకుంటోంది, తల ఎత్తలేదు.

"నేను దయ్యాన్ని కాననే చెప్తుంది, దయ్యం కాబట్టి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు కిసుక్కుమన్నారు.

"మేడమ్," అని మళ్లీ పిలిచింది అపూర్వ.

హాలంతా ఇప్పుడు జానకినే చూస్తోంది. గుమ్మంలో ప్రిన్సిపాల్ కూడా.

"అమ్మా!"

జానకి పలకలేదు. రిమోట్ తీసుకుని టీవీ వాల్యూమ్ పెంచింది.

అపూర్వ కాసేపు నిలబడి కూర్చుంది. ఆమెకు రెండువైపులా ఉన్న పిల్లలు కుర్చీలు జరుపుకున్నారు.

ఆ వారంలో ఉదయభాస్కర్ వచ్చి కూతుర్ని మంగళగిరి తీసుకెళ్లాడు. రోజూ ఇంటినుంచి వెళ్లొచ్చే కాలేజీలో వేశాడు. బయల్దేరేటప్పుడు అపూర్వ బ్యాగు భుజాన వేసుకుని, "వెళ్తున్నానే," అంది క్రిస్టినాతో. క్రిస్టినా గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు వీకెండ్ టెస్టు.

జనవరిలో జానకి నాలుగు ఫ్లోర్లకీ చీఫ్ వార్డెన్ అయింది. ఆదివారం ఆదివారం మంగళగిరికి ఫోన్ చేస్తుంది. ఉదయభాస్కర్ ఫోన్ కూతురికిస్తాడు.

"తిన్నావా?" అంటుంది జానకి.

అటునుంచి మాట రాదు. కాసేపటికి ఉదయభాస్కరే ఫోన్ తీసుకుని, "తింది," అంటాడు.

ఈ జూన్‌లో కొత్త బ్యాచి చేరింది. మనోజ్ఞ సీనియర్ అయింది. కారిడార్‌లో పలక్కూడదని కొత్తపిల్లలకి చెప్పేది ఇప్పుడామే. మొదటి ఆదివారం జానకి బీరువా తీసి మొదటి డిస్కు తెచ్చి వేసింది. కుర్చీలు చాలక వంద మంది నేల మీద కూర్చున్నారు.