జింక వేటకు ఏ గుండు?

మా ఆయన బర్మాలోని యాంగూన్‌లో రైస్ కుక్కర్లు బాగుచేస్తారు. తుపాకీ ఏనాడూ పట్టుకోలేదు, జింకను చూసింది జూలోనే. అయినా ఫోన్‌లో వేట వీడియోలు చూసి చూసి మహా వేటగాడైపోయారు.

కిందటేడు ఇన్సేన్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి బస్సులో వెళ్తున్నాం. ఆయన వీడియో పెట్టి నాకు పాఠం మొదలెట్టారు.

"నున్నటి తుపాకీ గొట్టానికి ఒంటినిండా గాడులున్న గుండెయ్యాలే. లోపల మెలికలున్న గొట్టమైతే ప్లాస్టిక్ తొడుగున్న గుండు. ఇది తెల్దనుకో, జింక నవ్విపోద్ది!"

"మెల్లగా మాటాడండి. తుపాకుల గోల మనకేటికి?" అన్నాను.

అంతలో బస్సు ఆగింది. తనిఖీకి సైనికులు ఎక్కారు. ఆ కంగారులో ఫోన్ ఆపబోయి ఆయన సౌండు పెంచేశారు. ఢాం! బస్సంతా సీట్ల కిందికి వంగింది.

ఒక సైనికుడు ఫోన్ లాక్కుని చూశాడు. "ఊలే", అంటే బాబాయ్ అని మర్యాదగానే పిలిచి, "నున్నటి గొట్టానికి ఏ గుండు వాడాలి?" అని బర్మా భాషలో అడిగాడు.

మా ఆయన నా వైపు వేలు చూపించారు. "నాకేం తెలియదు సార్. ఇవన్నీ ఈవిడే చూస్తుంది!"

విన్న పాఠం ఒప్పజెప్పాను. సైనికుడు పకపకా నవ్వి, ఫోన్ నా చేతికిచ్చి దిగిపోయాడు.

ఇప్పుడు మా ఆయన, ఆ సైనికుడికి గుళ్ల సంగతి తానే నేర్పానని చుట్టాలందరికీ చెబుతున్నారు. నేను కాదనను. మొగుడు క్షేమంగా ఇంట్లో కూర్చుని కోతలు కోస్తుంటే వినడం కూడా అదృష్టమేనని నాకు ఆ బస్సులోనే తెలిసింది.