నిదానం అని రాశాను

సినిమాకి వెళ్తే చివరి పాట మొదలవగానే లేచి నిలబడతాను. దిగాల్సిన స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల ఉండగానే బస్సు తలుపు దగ్గరికి చేరతాను. పెళ్లిలో తలంబ్రాలు అయ్యీ అవకుండానే చెప్పులు వెతుక్కుంటాను. ఫోన్లో అవతలివాళ్లు "సరే మరి" అనేలోపే పెట్టేస్తాను. "నువ్వు కుదురుగా కూర్చున్న ఫొటో ఒక్కటుంటే చూపించు" అంటారు మా ఆయన. ఒకసారి పంతం పట్టి ఆల్బమ్‌లన్నీ వెతికాను. అన్నింట్లోనూ సగం లేచే ఉన్నాను.

అమలాపురం నుంచి కొత్తపేట వైపు వెళ్తే కాలవగట్టు మీద ఒక పల్లె ఉంది. అక్కడి హైస్కూల్లో నేను లెక్కలు చెప్తాను. ఆరేళ్లపాటు నా స్కూటర్ వెనక సీటు మీద ఒక మేడమ్ గారు వచ్చేవారు. సోషల్ చెప్పేవారు. నాకంటే పదహారేళ్లు పెద్ద. సొంత ఇల్లు రాజోలులో ఉంది, అందులో ఆవిడ చెల్లెలు ఉండేది. భర్త పోయాక ఈవిడ మాత్రం ఉద్యోగం కోసం అమలాపురంలో మా వెనక వీధిలోనే ఒక్కరూ అద్దెకుండేవారు.

ఎనిమిదింటికి వాళ్ల గుమ్మం ముందు హారన్ కొట్టేదాన్ని. ఆవిడ బయటికి వచ్చి తాళం వేసేవారు. లాగి చూసేవారు. రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, ఇంకోసారి లాగి చూసేవారు. నేను బండి ఆపేదాన్ని కాదు. ఇంజన్ చప్పుడు వింటూ ఉంటే కాస్త ముందుకు పోతున్నట్టు ఉండేది. "వచ్చేస్తున్నానండి మేడమ్, ఆయ్, వచ్చేస్తున్నాను" అంటూ కొంగు సర్దుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని ఆవిడ కూర్చునేసరికి నా చెయ్యి హ్యాండిల్ మీద చెమట పట్టేది. దారిలో కొబ్బరికాయల లారీ అడ్డం పెట్టి లోడు ఎత్తుతుంటే నేను కాలు నేల మీద టపటపలాడించేదాన్ని. ఆవిడ మాత్రం ఆ కాయలు ఎక్కే వరస చూస్తూ కూర్చునేవారు. అంత ప్రశాంతం ఎక్కడినుంచి వస్తుందో అనుకునేదాన్ని. కుళ్లుకునేదాన్ని కూడా.

పోయిన వేసవి సెలవుల ముందు మా అందరికీ అమలాపురంలో ఒకరోజు శిక్షణ పెట్టారు. మనుషుల స్వభావాల మీద. చెప్పడానికొచ్చినాయన సరదా మనిషి. స్వభావం తెలిస్తే మనిషి రోజంతా ఏం చేస్తాడో చెప్పేయొచ్చన్నారు. తలా ఒక కాగితం ఇచ్చి, పక్కన కూర్చున్నవారి గురించి రాయమన్నారు. నా పక్కన మేడమ్ గారు. నేను రెండు నిమిషాల్లో ముగించాను: "నిదానం. దేనికీ కంగారు పడరు. మనసులో ఏదీ పెట్టుకోరు." కాగితం మడిచి, పెన్ను మూత పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ గారు భోజనాల వేళ దాకా రాస్తూనే ఉన్నారు. రాసి కొట్టేశారు. మళ్లీ రాశారు. చివరికి నా చేతికొచ్చింది రెండు వాక్యాలు: "ఈవిడ ఎప్పుడూ అందరికంటే ముందుంటారు. ఎందుకో నాకు తెలియదు."

నాకు చురుక్కుమంది. ఆరేళ్లు ఒకే సీటు మీద కూర్చుని తెలియదంటారా?

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఆవిడ రిటైర్మెంటు ఇంకా రెండు వారాలుందనగా ఒక గొడవ జరిగింది. రోజూ బళ్లోకి రాగానే ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. ఆలస్యమైతే అది అక్కడ పడిపోతుంది, ఎవరూ దిద్దలేరు. ఆ రోజు సగం దారి వెళ్లాక వెనకనుంచి నా భుజం తట్టారు.

"మేడమ్ గారూ, ఒక్కసారి బండి తిప్పుతారా? గ్యాసు కట్టేనో లేదో గుర్తు రావట్లేదండి."

"కట్టే ఉంటారండి. రోజూ కడతారుగా."

"కట్టే ఉంటానండి. అయినా ఒక్కసారి..."

తిప్పాను. ఆవిడ తలుపు తీసుకుని లోపలికి వెళ్లారు. నేను రోడ్డు మీదే ఉన్నాను. బయటికొచ్చి, "కట్టే ఉందండి" అన్నారు, తప్పు చేసిన పిల్లలాగా. మళ్లీ తాళం, మళ్లీ మెట్లు, మళ్లీ తాళం. బడికి నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఫోన్లో నా ముఖం ఎర్రగా ఉబ్బి కనిపించింది. స్టాఫ్ రూములో అందరి ముందూ అనేశాను: "మీ నిదానానికి నన్ను బలి చేస్తున్నారండి. రిటైరైపోయేవారికి ఏం, నాకింకా పదహారేళ్లు సర్వీసుంది."

మర్నాడు ఎనిమిదింటికి హారన్ కొడితే తలుపుకి అప్పటికే తాళం ఉంది. ఆటోలో వెళ్లిపోయారు. ఆ రెండు వారాలూ అంతే. నేను చాలా ముందే బడికి చేరిపోయేదాన్ని. అటెండరు ఇంకా తలుపులు తీస్తూ ఉండేవాడు. ఖాళీ వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. మిగిలిన ఆ టైము ఏం చేసుకోవాలో తెలిసేది కాదు.

వీడ్కోలు సభ రోజు శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చేసరికి నాకు కాళ్లు ఆగడం లేదు. క్షమాపణ చెప్పాలని ఉంది. కానీ అంతమందిలో కూర్చుని ఆవిడ మాటలు వినడం నావల్ల కాలేదు. మెల్లగా లేచి బయటికొచ్చి, బండి తీసి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు అటెండరు నా వంతు స్వీటు పొట్లం తెచ్చిచ్చాడు. "మీ గురించి చెప్పేరండి ఆఖర్లో. మీరెక్కడున్నారా అని చూసేరు కూడా."

"ఏం చెప్పారు?"

"ఆయ్, బాగానే చెప్పేరండి. నేను కుర్చీలు సర్దుతున్నానండి, సరిగ్గా వినలేదు."

హిందీ మేడమ్‌ని అడిగితే పొగిడారంది. హెడ్మాస్టారిని అడిగితే, "కళ్లనీళ్లు పెట్టుకున్నారమ్మా, మాట సరిగ్గా వినబడలేదు" అన్నారు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. లెక్క వేస్తూ వేస్తూ బోర్డు ముందు ఆగిపోయేదాన్ని. ఆదివారం పొద్దున్నే బండి తీసి రాజోలు వెళ్లాను. అప్పటికే ఆవిడ అద్దె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి చేరిపోయారు.

వెళ్లేసరికి పెరటి అరుగు మీద కూర్చుని ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు ఉడికించడానికి పనసాకులతో బుట్టలు కుడుతున్నారు. నాలుగాకులు కలిపి, చీపురుపుల్ల విరిచి గుచ్చి, పైకెత్తి వెలుతురులో చూసి పక్కన పెడుతున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి రండి. టిఫిన్ చేసి వెళ్దురుగాని."

కూర్చున్నాను. ముందు క్షమాపణ చెప్పాను, గబగబా, ఒక్క ఊపిరిలో. ఆవిడ చెయ్యి ఊపేశారు. తర్వాత అడిగాను, ఆ రోజు ఏం మాట్లాడారని.

"రాసుకున్నది చదవలేదండి. నోటికొచ్చింది చెప్పేను. పొద్దున్నే ఈవిడ హారన్ కొట్టకపోతే నేను చాలా రోజులు బడికి వచ్చేదాన్నే కాదు అన్నాను."

"అదేంటండి?"

ఆకు గుచ్చడం ఆపి నావైపు చూశారు. "నాది నిదానం అని రాసేరు కదండీ ఆ రోజు. నిదానం కాదమ్మా, భయం. ఆయన పోయిన దగ్గర్నుంచీ తాళం, గ్యాసు, నీళ్ల మోటారు, ఏదీ ఒకసారి చూస్తే చాలదు. సెలవు రోజుల్లో బజారుకి బయల్దేరి గుమ్మంలోనే గంట గడిపేసేదాన్ని. ఒక్కోసారి అసలు వెళ్లేదాన్నే కాదు. మీరొచ్చి రోడ్డు మీద బండి గుర్రుమనిపిస్తుంటే ఇంక తప్పదు కదా, దిగిపోయేదాన్ని. ఆఖరి రెండు వారాలూ మా చెల్లెలు ఫోన్లో ఉండి దింపిందండి నన్ను మెట్లు."

లారీ ముందు ఆవిడ కాయలెక్కే వరస చూడటం గుర్తొచ్చింది. ప్రశాంతమనుకున్నాను. ఇంటి దగ్గర గ్యాసు గురించి ఆలోచించకుండా ఉండటానికి కాయలు లెక్కపెట్టేవారట. ఆవిడే చెప్పారు, నవ్వుతూ.

"మరి మీకెందుకండీ అంత తొందర?" అని అడిగారు తర్వాత.

చిన్నప్పుడు మేం లంకలో ఉండేవాళ్లమనీ, గోదావరి దాటి బడికి రావాలంటే ఒకే పడవనీ, ఓసారి అది నన్ను వదిలేసి వెళ్లిపోతే మధ్యాహ్నం దాకా రేవులో ఏడుస్తూ నిలబడ్డాననీ చెప్పాను. చెప్తుంటేనే అది సరిపోదనిపించింది. "అయినా మా చెల్లి కూడా ఆ రోజు నాతోపాటే ఉందండి. అది ఇసకలో ఆడుకుంది. దానికిప్పటికీ ఏ తొందరా లేదు."

"అయితే అది కాదేమో" అన్నారు మేడమ్ గారు.

"ఏమోనండి."

పొట్టిక్కలు ఉడికేదాకా ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ ముప్పావుగంటా లోపల ఏదో గీకుతూనే ఉంది. బండి తాళం మూడుసార్లు సంచీలో వేసి మూడుసార్లు తీశాను. ఆవిడ చూశారు. వేడి ఆవిరిలో పనసాకు వాసన కమ్మగా ఉంది. కొబ్బరి పచ్చడితో నాలుగు తిన్నాను. బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి, "వెళ్లేక ఫోన్ చెయ్యండి" అన్నారు. ఇంటికి చేరగానే చేశాను.

సోమవారం తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. మెల్లగా చేస్తుంది. రెండేళ్లుగా ఆ పిల్లని మొద్దు అనే అనుకుంటున్నాను. ఒకసారి పైకే అన్నాను కూడా. ఆ రోజు మాత్రం ఆగాలనుకున్నాను. లెక్కలో ప్రతి మెట్టూ వేసి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచీ వేలు పెట్టి చూసుకుంటోంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఇంకొక్క మెట్టే మిగిలింది. ఆ పిల్ల మళ్లీ పైన మొదటి మెట్టుకేసి చూసింది.

సుద్దముక్క నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. జవాబు రాసేశాను.

"అదేనండి మేడమ్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "నేనూ అదే వేసేదాన్నండి."