తంగేడు ఎత్తెంత?

శుక్రవారం సెలవు కదా, మా అమ్మాయి సహజ ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో మా సనాబిస్ ఫ్లాట్‌లో కూర్చుని తన కంప్యూటర్ గేమ్‌లో మా ఊరి మెట్ట చెలకను తయారు చేసింది. మోడ్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఆ ఆటలో ఏ నేల మీద ఏ చెట్లు మొలవాలో మనమే నిర్ణయించవచ్చట. ఎర్రమట్టి అచ్చం మాదే. నేల రకం దగ్గర మాత్రం ‘వేస్ట్‌ల్యాండ్’ అని ఉంది. నాకు ఒళ్లు మండింది.

“ఆ మాట తీసెయ్ బిడ్డా. బంజరు అని రాసే కదా సర్కారోళ్లు మా చెలకను కంపెనీకి అప్పజెప్పిండ్రు. జొన్న, కంది పండిన నేల అది.”

“లిస్టులో చెలక లేదు డాడీ, కొత్తగా యాడ్ చేస్తా. లెక్చర్ తర్వాత ఇద్దువు గానీ, తంగేడు ఎంత ఎత్తు పెట్టాలె?”

లేచి నిలబడి, ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

“అప్పుడు నువ్వెంత ఉన్నవ్?”

ఐదో తరగతిలో ఉన్నాను. ఆ తర్వాత చెలక చుట్టూ కంపెనీ గోడ లేచింది. పెద్దయ్యాక నేను తంగేడు పక్కన నిలబడిందే లేదు.

అందుకే అడుగుతున్నా. ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఒకసారి తంగేడు పక్కన నిలబడి చూసి చెప్పండి. సహజ ఎత్తు రాసే గడిని ఖాళీగా ఉంచింది.