పక్కచూపుకు అందని గెలాక్సీ

2019లో మదనపల్లెలోని ఒక కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా, అంటే డాక్టరు చూడకముందు చూపు పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. ఒకరోజు పుంగనూరు నుంచి ఖాదర్ బాషా వచ్చారు. గడియారాలు బాగుచేసే మనిషి. గాజును చేత్తో అరగదీసి, అద్దం చేసి, సొంతంగా టెలిస్కోపు తయారు చేసుకున్నారు.

"చుక్కలు బాగానే అగపడతాండాయమ్మా. నా గెలాక్సీనే అగపడలే," అన్నారు.

ఆ గెలాక్సీ ఆరు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందట. రెండు చేతులు చుట్టుకుని, నడుమ అడ్డంగా కడ్డీలా వెలుగు ఉంటుంది. అందులో అప్పటికి నాలుగు సూపర్‌నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లు, కనిపించాయి. 2012లో నాలుగోదాన్ని కుప్పం దగ్గర బావమరిది పొలంలోంచి ఈయన కూడా చూశారు. ఐదోదాన్ని లోకంలో అందరికంటే ముందు తానే పట్టుకోవాలని ఆశ.

"అద్దం మసకబారిందనుకుంటి. రెండుతూర్లు పూత ఏపిచ్చినా."

ఫీల్డ్ టెస్ట్ పెట్టాను. చూపు నడుమనే నిలిపి, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. ఆయన చాలాసేపు నొక్కలేదు.

"మిషను పనిచేస్తాండాదా అమ్మా?"

పనిచేస్తూనే ఉంది. గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. ముందు పోయేది పక్కచూపు. మసక గెలాక్సీలు సూటిగా చూస్తే కనపడవు, కొంచెం పక్కకు చూస్తేనే తెలుస్తాయని ఆయనే చెప్పారు.

జేబులోంచి పాత చీటీ తీశారు. రెండేళ్ల కిందటి పుంగనూరు కంటి క్యాంపుది. కింద నా సంతకం. అప్పుడే గుర్తొచ్చింది. "పక్కకు సూస్తే అగపడేది ఇప్పుడు అగపడలే" అన్న మనిషి ఈయనే. "సూటిగా చూడండి సాబ్, పక్కకెందుకు?" అన్నాను. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. చార్టులో చివరి వరుసదాకా చదివారని, దగ్గరిచూపు కళ్లద్దాలు రాసి పంపేశాను.

"పోయింది తిరిగొస్తాదా?"

"రాదు సాబ్. ఉన్నది నిలబెట్టాలంతే. ఆరోజు నేను మీ మాట వినలేదు."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మందులూ ఆపరేషనూ ఆ చూపును నిలబెట్టలేకపోయాయి. చివరిసారి భార్య చెయ్యి పట్టుకుని వచ్చారు. అంగడి మూసేశామని ఆమె చెప్పింది.

"నా గెలాక్సీలో ఇంకోటి పేలితే నాకు చెప్తావా అమ్మా?"

చెప్తానన్నాను.

ఇప్పుడు ఎవరు వచ్చి కనపడటం లేదన్నా, ఏది కనపడటం లేదో, ఎలా చూస్తే కనపడటం లేదో అడుగుతాను. పట్టే సమయం రెండు నిమిషాలు. కొందరి చూపు దక్కింది. బాషా సాబ్‌కు మాత్రం ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు.