వేడినీటి బుగ్గ గుమ్మంలో నన్ను ఆపిన పిల్ల

ముందే చెబుతున్నా మనవడా, నవ్వకుండా రాయాలి. మీ అమ్మ చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు రాయి. ఆవిడ చెబితే తప్పంతా నాదే అవుతుంది. నన్నడిగితే అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ లేదనే అంటాను.

పరాయి దేశమన్న మాటే గానీ, అప్పట్లో మన సస్కటూన్‌లో ఏ బస్సెక్కినా తెలుగే వినపడేది. వెనక సీట్లో ఒకళ్ళు అసైన్‌మెంట్ గురించి ఏడుస్తుంటే, ముందు సీట్లో ఇంకొకళ్ళు పప్పుచారులో చింతపండు ఎంత వెయ్యాలని ఫోన్లో వాళ్ళమ్మని అడుగుతుండేవాళ్ళు. అంతమంది పిల్లలొచ్చారు చదువులకి. వాళ్ళలో కరీంనగర్ పిల్ల ఒకతి మన బేస్‌మెంట్‌లో అద్దెకు దిగింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువు, సాయంత్రాలు కాఫీ షాపులో పని. మొదటి రోజే నన్ను "అమ్మమ్మా" అంది. నువ్వప్పటికి చిన్నవాడివి, దాని స్నో బూట్లు దాచేసి ఏడిపించేవాడివి. ఒక్కసారన్నా నిన్ను కసిరిందా? లేదు. అదే దాని ఇబ్బంది. ఎవరికీ కాదని చెప్పలేదు. నేను మారు మారు వడ్డించినా తినేసి, మెట్ల మీద కూర్చుని ఆయాసపడేది.

"వద్దని అనొచ్చు కదే" అంటే, "పెద్దోళ్ళు పెడుతుంటే వద్దని ఎట్లంట అమ్మమ్మా?" అనేది.

చదువైపోయాక దానికి బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వాళ్ళ దేశపు పద్ధతిలో సత్రం నడుపుతోంది. వెనక కొండలోంచి వేడినీటి బుగ్గ పొగలు కక్కుతూ వస్తుంది. దాన్ని రాతి గుండంలోకి మళ్ళించారు. వచ్చినవాళ్ళు బయట కూర్చుని శుభ్రంగా ఒళ్ళు కడుక్కుని, ఆ తర్వాతే గుండంలోకి దిగాలి. గుండం స్నానానికి కాదు, కూర్చోవడానికి. ఆ నీళ్ళు అందరివీ.

ఆడవాళ్ళ గుండం గుమ్మం దగ్గర ఉండి ఈ పద్ధతి చెప్పడం మన పిల్ల పని. వేరే ఎవరికైనా అదో పనా? దీనికి మాత్రం గండం. ఒకరోజు ఒకామె ఒంటినిండా క్రీము పూసుకుని తిన్నగా వెళ్ళి దిగిపోయింది. మన పిల్ల ఆమెని ఆపలేక చూస్తూ నిలబడింది. గుండం మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు తోమి, మళ్ళీ నింపారు. బుగ్గ నీళ్ళు మెల్లగా ఊరతాయి కదా, మర్నాటి దాకా ఎవరినీ దిగనివ్వలేదు. వచ్చినవాళ్ళు విసుక్కుంటూ వెళ్ళిపోయారు.

అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. ఆ పెద్దావిడ పర్మనెంట్‌గా తీసుకుంటేనే ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చెయ్యగలదు. లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

"మేడమ్ ఏమన్నదో తెలుసా అమ్మమ్మా? వద్దని చెప్పాలట. చెప్పినంక కూడా ఆ గెస్టు నవ్వుకుంట మళ్ళ రావాలట. అట్ల చెప్పుడు రాకపోతే నువ్వు ఈ పనికి పనికిరావు, ఉంచుకునేది లేనిది ఈ నెలాఖరుకు చెప్తా అన్నది."

"చెప్పవే మరి! నీ నోరేమైంది?" అని కేకలేశాను. కేకలేస్తే సరిపోతుందా? మనసాగలేదు. మీ అమ్మని పోరుపెట్టి, నిన్ను మీ నాన్న దగ్గర వదిలేసి, కారెక్కేశాం. కాల్గరీలో ఒక రాత్రి ఆగి, కొండలు దాటి వెళ్ళేసరికి నా మోకాళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి.

ఆ సత్రం చూడాలి నువ్వు. గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు. ఈ దేశంలో డబ్బిచ్చి దిగిన చోట నన్ను చెప్పులు విప్పమన్నది వాళ్ళొక్కళ్ళే, ప్రాణం లేచొచ్చింది. గదిలో గడ్డితో నేసిన చాపలు, పొట్టి బల్ల, రాత్రికి కిందే పరుపులు. వంటలో చేప తగలనివ్వొద్దని మన పిల్ల ముందే చెప్పి ఉంచింది. సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో చారు కాచి తెచ్చారు. మీ అమ్మ కిందనుంచి లేవలేక బల్ల పట్టుకుంది. నేను మోకాళ్ళ మీద చెయ్యేసుకుని నా అంతట నేనే లేచాను. అది కూడా రాయి.

సాయంత్రం మీ అమ్మ కునుకు తీసింది. నేను గుండానికి బయల్దేరాను. వేడినీళ్ళలోకి వెళ్తున్నాను కదా, మరి ఎలా వెళ్తాం? ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వులనూనె గిన్నెలో పోసి, గదిలో ఉన్న కెటిల్ వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేశాను. మాడు దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా పట్టించాను. చిన్నప్పటి నుంచి తలంటంటే అంతే కదా! కళ్ళలా పెట్టకు. రాయి.

"బట్ అమ్మమ్మా, ఒళ్ళంతా ఆయిలా? అంతమందీ దిగే పూల్‌లోకి?"

చూశావా, మీ అమ్మ పోలికే. వాళ్ళిచ్చిన నూలు అంగీ చుట్టుకుని, సున్నిపిండి డబ్బా పట్టుకుని, ఆ చెక్క వరండాలో నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే నా అడుగులు నిగనిగా మెరుస్తున్నాయి. గుమ్మంలో మన పిల్ల. కాస్త అవతల ఆ పెద్దావిడ తువ్వాళ్ళు మడతపెడుతోంది. తలుపు సందులోంచి చూస్తే ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు గుండంలో మెడలోతు కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

"అమ్మమ్మా, ఆగుండి. ఒంటికేం రాసుకున్నరు?"

"నువ్వులనూనె. ఉత్త ఒంటితో ఎవరైనా దిగుతారుటే?"

పిల్ల మొహం పాలిపోయింది. ఓసారి పెద్దావిడ వైపు చూసింది. ఆవిడ తల ఎత్తలేదు కానీ, చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది.

"ఇట్ల లోపలికి పోవద్దు అమ్మమ్మా."

"పోవద్దా? నాకే చెప్తున్నావా? రెండు రోజులు కారులో కూర్చుని వచ్చాను. తప్పుకో."

తప్పుకోలేదు. గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది. నేను మీదికి వెళ్ళినా చేతులు దించలేదు.

"తప్పుకోను. కోపం చేసినా సరే తప్పుకోను. అవి అందరి నీళ్ళు. మీ నూనె తేలిందంటే గుండం మొత్తం ఖాళీ చెయ్యాలె. మీరైనా సరే, నూనె పోయినంకనే దిగాలె."

నాకెంత మండిందో! మీ తాతయ్య కూడా ఎప్పుడూ నాకు అడ్డం నిలబడలేదు. వెనక్కి తిరిగి గదికి పోదామనే అనుకున్నాను. ఒక అడుగు వేశాను కూడా. అంతలో చెయ్యి పట్టుకుంది.

"సున్నిపిండి తెచ్చిన్రు కదా?"

"తేకుండా వస్తానా!"

"అయితే పీట మీద కూసోండి. వీపు నేను రుద్దుత. మా నాయనమ్మకు నేనే రుద్దేదాన్ని. నా చెయ్యి పడ్డంక నూనె చుక్క మిగలదు. చూస్తరా?"

పందెం కాసినట్టు అడిగితే కాదంటానా? పక్కనే కడుక్కునే చోటు. అచ్చం మన పీటల్లాంటి పొట్టి చెక్క పీటలు, చెక్క బాల్చీలు. కూర్చోబెట్టి మొదలుపెట్టింది. అమ్మో, ఏం చెయ్యి!

"తోలు ఊడొస్తుందే!"

"మెడ కింద ఇంక జారుతున్నది. కదలకుండి."

"నన్నే కదలద్దంటావూ?"

"మిమ్మల్నే. చెవుల వెనక కూడా ఉన్నది. ఇంత నూనెల గారెలు చేసుకోవచ్చు అమ్మమ్మా!"

నాకు నవ్వాగలేదు. ఎంత నవ్వానంటే గుండంలో ఉన్న వాళ్ళిద్దరూ కళ్ళు తెరిచి మావైపు చూశారు. అప్పుడొచ్చింది పెద్దావిడ. సున్నిపిండి చిటికెడు తీసి వాసన చూసింది. పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆవిడ మొహం మెత్తబడింది. తన చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ సన్నటి తవుడు గుడ్డసంచిలో కట్టి తనకి ఒళ్ళు రుద్దేదట. ఆ మాట చెబుతూనే వంగి, గిన్నె సరిగ్గా తోమారో లేదో చూసినట్టు, నా భుజం మీద వేలితో ఒక గీత గీసింది. వేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. జిడ్డు లేదు. ఇక దిగమన్నట్టు చెయ్యి చూపించింది.

దిగాను. చుట్టూ రాళ్ళ మీద మంచు, ముక్కు గడ్డకట్టే చలి, మెడ దాకా వేడినీళ్ళు. మోకాళ్ళలో ఎక్కడెక్కడి బిగువులో ఒక్కొక్కటే వదులుతుంటే "ఓహోహో!" అని అరిచేశాను. కొండ కూడా తిరిగి అరిచింది. గుండంలో వాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున కారులో సామాను పెడుతుంటే పెద్దావిడ వచ్చి మీ అమ్మని అడిగింది, "మీ అమ్మగారికి నిన్న కోపం వచ్చిందా?" అని.

నాకు అర్థమైంది. నేనే జవాబిచ్చాను. నా ఇంగ్లీషు తెలుసుగా నీకు! "వెరీ యాంగ్రీ! దెన్ వెరీ హ్యాపీ! నెక్స్ట్ ఇయర్ ఐ కమ్! ఓన్లీ షీ రబ్!"

ఆవిడ మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. పిల్ల వైపు తిరిగి, నెమ్మదిగా, నాక్కూడా అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. ఈ వారమే జాబ్ ఆఫర్ రాసిస్తానంది. పర్మనెంట్ అంది.  నేనైతే ఆవిడని పట్టుకుని కావలించుకున్నాను. వాళ్ళకది అలవాటు లేదట, కర్రలా బిగుసుకుపోయింది పాపం. అయినా వదల్లేదు.

వాళ్ళ పద్ధతేమిటంటే, వచ్చినవాళ్ళ కారు కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడి నడుం వంచి దణ్ణం పెడతారు. పెద్దావిడా, పక్కన మన పిల్లా అలాగే వంగి నిలబడ్డారు. నేను మీ అమ్మతో "మెల్లగా పోనీ" అని, మెడ తిప్పి చూస్తున్నాను. మలుపు దగ్గరికొచ్చేసరికి మన పిల్ల ఇక ఆగలేకపోయింది. రెండు చేతులూ పైకెత్తి, ఆ మంచులో ఒక్క గెంతు గెంతింది. మళ్ళీ గెంతింది. పెద్దావిడ నడుం ఎత్తి దానివైపు చూసింది. కసురుతుందేమో అనుకున్నాను. లేదు. ఆవిడ కూడా ఒక చెయ్యి, భుజం దాకానే, పైకెత్తింది.